పుట్టుక బుద్ధి: చేపలు చెప్పే సాక్ష్యం

మన కథల్లో, నవలల్లో పాత్రల స్వభావానికి రెండు రకాల వివరణలు తరచుగా కనబడతాయి. ఒకటి, "అది వాడి రక్తంలోనే ఉంది" అనేది. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదు" అన్న సామెత దీనికి పునాది. రెండోది దీనికి సరిగ్గా ఎదురు. పరిస్థితులను వర్ణిస్తే చాలు, మనిషి వాటిలోంచి తనంతట తనే తయారై వస్తాడనుకోవడం. మొదటి పద్ధతిలో పిరికివాడు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పిరికివాడే. రెండో పద్ధతిలో ఎన్నేళ్ళ కరువో, ఎంత అప్పో తెలిస్తే చాలు, రైతు చివరికి ఏం చేస్తాడో పాఠకుడు ముందే చెప్పేయగలడు. మొదటిదాన్ని అభ్యుదయ విమర్శ ఖండిస్తూనే వచ్చింది. రెండోదాన్ని అంతగా పట్టించుకోలేదు. అది మన వైపు నుంచే వచ్చిన పొరపాటు కావడం అందుకు ఒక కారణం.

ఈ రెండు వివరణల్లో ఏది ఎంత నిజమో మనుషుల మీద ప్రయోగం చేసి తేల్చలేం. ఒకే మనిషిని రెండుసార్లు పుట్టించి, రెండు చోట్ల పెంచి చూడడం ఎవరి తరమూ కాదు. చేపల విషయంలో అది చాలావరకు సాధ్యం. గత యాభై ఏళ్ళలో చేపల వ్యక్తిత్వ భేదాల మీద జరిగిన పరిశోధన ఈ పాత తగాదాలోకి కొత్త సాక్ష్యాన్ని తెచ్చింది. దాన్ని రచయితలూ సాహిత్య విద్యార్థులూ తెలుసుకోవడం అవసరం.

సాహిత్యం జీవశాస్త్రం దగ్గరికి వెళ్ళడం కొత్త కాదు. ఎమిలీ జోలా 1871 నుంచి 1893 వరకు రాసిన ఇరవై నవలల రూగాన్-మకార్ గాథకు వంశపారంపర్య సిద్ధాంతమే చట్రం. 1880లో 'ప్రయోగాత్మక నవల' అన్న వ్యాసంలో ఆయన క్లాడ్ బెర్నార్డ్ వైద్యశాస్త్ర పద్ధతిని నవలకు అన్వయించబోయాడు. కాని 'జెర్మినల్' ఇవాళ్టికీ నిలబడింది బొగ్గుగని కార్మికుల సమ్మె వల్ల. కథానాయకుడు ఎతియెన్‌కు తాగుబోతు పూర్వీకుల నుంచి రక్తంలో సంక్రమించిందని జోలా చెప్పిన దోషం వల్ల కాదు. జోలా పొరపాటు శాస్త్రాన్ని ఆశ్రయించడం కాదు. అప్పటికి ఆ శాస్త్రంలో ఉన్నది సగం మాత్రమే.

వ్యక్తిత్వం అంటే ఏమిటి?

చేపకు వ్యక్తిత్వమేమిటని నవ్వుకోనక్కరలేదు. శాస్త్రజ్ఞులు ఈ మాటను పరిమితమైన అర్థంలో వాడుతున్నారు. అంతరాత్మ, ఆత్మవిమర్శ వంటివేవీ ఇందులో లేవు. ఒకే జాతికి, ఒకే వయసుకు చెందిన చేపలు ఒకే సందర్భంలో వేర్వేరుగా ప్రవర్తించాలి. ఆ తేడా ఇవాళ ఉన్నట్టే వారం తర్వాత, నెల తర్వాత కూడా ఉండాలి. అప్పుడే దాన్ని వ్యక్తిత్వ భేదం అంటారు.

పరీక్షలు చాలా మామూలువి. చేపను కొత్త తొట్టిలో, దాక్కునే చోటున్న మూలన వదులుతారు. బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందో కొలుస్తారు. అది ఎన్నడూ చూడని వస్తువును నీళ్ళలో దించి, దగ్గరికి వస్తుందా, దూరంగా జరుగుతుందా చూస్తారు. ఎదురుగా అద్దం పెట్టి, తన ప్రతిబింబం మీదికే దూకుతుందేమో గమనిస్తారు. ఇలా తెగువ, కొత్త చోటును గాలించే గుణం, చురుకు, దూకుడు, కలివిడి అనే ఐదు లక్షణాలను కొలుస్తున్నారు.

వెనకటి శాస్త్రజ్ఞుల దృష్టి జాతి మీదే ఉండేది. వీపున ముళ్ళుండే స్టికిల్‌బాక్ అనే చిన్న చేప మీద నికో టిన్‌బెర్గెన్ చేసిన పరిశోధనలు ప్రసిద్ధమైనవి. 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. గుడ్లుపెట్టే కాలంలో మగ స్టికిల్‌బాక్ పొట్ట ఎర్రబడుతుంది. ఎర్రపొట్ట మరొకటి కనబడితే దాని మీదికి ఉరుకుతుంది. ఈ జాతి మగచేప ఎలా ప్రవర్తిస్తుంది అన్నదే అప్పటి ప్రశ్న. ఒక మగచేపకూ మరో మగచేపకూ మధ్య తేడా కనబడితే దాన్ని కొలతలో దొర్లిన హెచ్చుతగ్గుగా తీసేసేవారు. మన పరిభాషలో చెప్పాలంటే వారికి 'టైపు' కనబడింది, వ్యక్తి కనబడలేదు. 1976లో ఫెలిసిటీ హంటింగ్‌ఫర్డ్ అదే స్టికిల్‌బాక్‌లలో, తోటి చేపల మీద దూకుడు చూపేవే తమను తినే చేప ఎదురైనప్పుడు కూడా ఎక్కువ తెగువ చూపుతున్నాయని గమనించింది. తీసేస్తూ వచ్చిన ఆ తేడాలే ఆ తర్వాత అధ్యయన వస్తువులయ్యాయి.

2009లో అలిసన్ బెల్, ఆమె సహచరులు చేపలతో సహా అనేక జంతుజాతుల మీద అంతవరకు వచ్చిన కొలతలను కూర్చి లెక్కవేశారు. ప్రవర్తనలో కనబడే వైవిధ్యంలో సుమారు 37 శాతం ఒక జీవికీ మరో జీవికీ మధ్య నిలకడగా ఉండే తేడాల వల్ల వచ్చేదని తేలింది. మూడో వంతుకు కొంచెం ఎక్కువ. మిగతాది ఆ రోజుకు, ఆ ఘడియకు, కొలిచిన పద్ధతికి చెందింది. అంటే స్వభావం అనేది ఉన్నమాట నిజమే. ప్రవర్తన అంతా స్వభావమే అన్నమాట మాత్రం అబద్ధం.

రక్తంలో ఉన్నదేమిటి?

ఈ నిలకడకు శరీరంలో ఆధారం ఏమిటి? అన్నిటికంటె ఎక్కువగా పరిశీలించినది కార్టిసాల్ అనే హార్మోన్. ఆపద ఎదురైనప్పుడు మెదడు నుంచి సంకేతం బయల్దేరి, పిట్యూటరీ గ్రంథి ద్వారా కార్టిసాల్ తయారుచేసే కణాలకు చేరుతుంది. మనకు ఆ కణాలు మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల్లో ఉంటాయి. చేపలకు అలాంటి వేరు గ్రంథి లేదు. మూత్రపిండపు తలవైపు భాగంలోనే అవి కలిసిపోయి ఉంటాయి. ఏర్పాటు మాత్రం ఒకటే.

ఇంగ్లండులోని విండర్‌మియర్‌లో టామ్ పాటింజర్, ఆయన సహచరులు రెయిన్‌బో ట్రౌట్ చేపలను ఇరుకు చోట బంధించి, వాటి రక్తంలో కార్టిసాల్ ఎంత పెరిగిందో కొలిచారు. ఎక్కువ పెరిగినవాటిని ఒకవైపు, తక్కువ పెరిగినవాటిని మరోవైపు ఏరి, వేర్వేరుగా పిల్లలు పెట్టించారు. 1999లో ప్రకటించిన ఈ పనివల్ల రెండు వంశాలు తయారయ్యాయి. వాటిని కంగారు వంశం, నిబ్బర వంశం అని పిలుచుకుందాం. ఏరింది ఒక్క హార్మోన్‌ను బట్టే. కాని దానితోపాటు ప్రవర్తన కూడా వేరుపడింది. కొత్త తొట్టిలోకి మార్చినప్పుడు నిబ్బర వంశం చేపలు త్వరగా మేతకు వచ్చేవి. సమాన పరిమాణం ఉన్న రెండింటిని ఒకచోట వదిలితే పోరులో ఎక్కువసార్లు నిబ్బర వంశానిదే పైచేయి.

ఇక్కడితో ఆగితే, సామెత నెగ్గినట్టే. స్వభావం రక్తంలో ఉంది. పైగా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తోంది. వంశాన్ని బట్టి ఎవరు ఏలిక, ఎవరు బానిస అన్నది ముందే చెప్పవచ్చు.

కథ అక్కడితో ఆగలేదు. మూడో తరం చేపలను ఇంగ్లండు నుంచి నార్వేకు తరలించారు. ప్రయాణం తర్వాత పరీక్షించి చూస్తే పాత్రలు తారుమారయ్యాయి. కొత్త చోట ముందుగా మేతకు వచ్చినవి కంగారు వంశం చేపలు. జతగా వదిలితే పైచేయి సాధించినవీ అవే. 2008లో దీన్ని ప్రకటించిన పరిశోధకులు, పావురాలు డేగలుగా మారిన సందర్భమిది అని పేరుపెట్టారు. కారణంగా వారు చూపినది చాలా సాదా విషయం. ప్రయాణంలో కంగారు వంశం చేపలు ఎక్కువ బరువు కోల్పోయాయి. అవి ఆకలితో ఉన్నాయి. ఆకలి పుట్టుక బుద్ధిని తోసేసింది.

ఇంకా ముఖ్యమైన విషయం ఒకటుంది. ఇంత మార్పు జరిగినా వాటి హార్మోన్ మారలేదు. ఒత్తిడి పెట్టినప్పుడల్లా కంగారు వంశం రక్తంలో కార్టిసాల్ మునుపటిలాగే ఎక్కువగా పెరిగింది. అంటే లోపల అదే కంగారు ఉండగానే, బయట అవి ముందుకు దూకాయి. ఏడాది తర్వాత కూడా కంగారు చేపలే ముందు మేతకు వచ్చేవి. కాని పోరులో రెండు వంశాల మధ్య తేడా కనబడలేదు. ఆ చేపలకు నార్వేలో పుట్టిన పిల్లల్లో మేత విషయంలో తేడా లేదు గాని, పోరులో మళ్ళీ నిబ్బర వంశమే గెలిచింది.

ఈ చివరి వాక్యాన్ని మనకు అనుకూలం కాదని దాచిపెట్టకూడదు. తల్లిదండ్రుల అనుభవం పిల్లలకు దక్కలేదు. ప్రయాణమూ ఆకలీ లేని పిల్లల్లో వంశ లక్షణం తిరిగి తలెత్తింది. జన్యువుల బలం నిజం. దాన్ని తారుమారు చేయగల అనుభవం బలమూ నిజం. ఒకటి నిజం కావడానికి రెండోది అబద్ధం కానక్కరలేదు.

పావ్లోవ్ గురించి చదివిన వారికి ఇక్కడ ఒక పాత సంఘటన గుర్తుకు రావచ్చు. ఆయన తన కుక్కలను నాడీవ్యవస్థ బలాన్ని బట్టి, సమతూకాన్ని బట్టి, చలనశీలతను బట్టి వర్గీకరించాడు. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌కు వరదలొచ్చి ఆయన కుక్కలు మునిగిపోబోయి బతికాయి. ఎంతో శ్రమతో నేర్పిన ప్రతిక్రియలు కొన్ని కుక్కల్లో ఆ దెబ్బతో చెదిరిపోయాయి. జీవి ఎలాంటిదో తెలియడానికి దాని రకం ఒక్కటే తెలిస్తే చాలదు. దానిమీదుగా ఏ వరద పోయిందో కూడా తెలియాలి.

హోదా మారితే శరీరం మారుతుంది

శరీరం కారణం, ప్రవర్తన ఫలితం అని మనం మామూలుగా అనుకుంటాం. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సులో ఉండే సిక్లిడ్ జాతి చేప ఒకటి ఈ వరసను తిరగేసి చూపించింది. దాని శాస్త్రీయ నామం ఆస్టాటోటిలాపియా బర్టోనీ. దానిమీద దశాబ్దాలపాటు పనిచేసినవాడు రస్సెల్ ఫెర్నాల్డ్.

ఈ జాతి మగచేపల్లో కొన్నిటికే సొంత చోటు దక్కుతుంది. అవి మెరిసే రంగులతో ఉంటాయి, కంటి మీదుగా నల్లటి చార ఉంటుంది, ఆడచేపలతో జతకడతాయి. చోటు దక్కని మగవి వెలిసిన రంగుతో గుంపులో కలిసి తిరుగుతాయి. వాటిని చూస్తే పుట్టుకతోనే అణకువ గల చేపలనిపిస్తుంది. కాని చోటున్న చేపను తొలగించి చూడండి. అణిగి ఉన్న మగచేప కొద్ది నిమిషాల్లోనే రంగులు తెచ్చుకుని, చోటు ఆక్రమించి, ఇతర చేపలను తరమడం మొదలుపెడుతుంది. 2005లో ప్రకటించిన పరిశోధన ప్రకారం అవకాశం దొరికిన 20 నిమిషాల్లో దాని మెదడులో ఒక జన్యువు చురుకెక్కుతుంది. పునరుత్పత్తిని నడిపే హార్మోన్‌ను విడుదలచేసే మెదడు కణాలు వారంరోజుల్లో పెద్దవవుతాయి. చోటు పోగొట్టుకున్న చేపలో అవే కణాలు సుమారు మూడు వారాల్లో తిరిగి చిన్నవవుతాయి.

అణిగి ఉన్న చేప మెదడును మాత్రమే కోసి చూసిన వాడు, "ఇదిగో, ఈ కణాలు చిన్నవిగా ఉన్నాయి, అందుకే ఇది అణిగి ఉంది" అని రాయగలడు. అతని కొలతలో తప్పు ఉండదు. అతని నిర్ధారణ తలకిందులుగా ఉంటుంది.

తెగువకూ దూకుడుకూ ముడి ఎవరు వేశారు?

ధైర్యవంతుడు దుడుకువాడు కూడా అయివుంటాడని, నెమ్మదైనవాడు పిరికివాడని మనకొక నమ్మకం ఉంది. కథల్లో పాత్రలకు గుణాలను ఇలా గుత్తులుగా తగిలిస్తుంటాం. స్టికిల్‌బాక్‌లలో తెగువా దూకుడూ జంటగా ఉంటాయని హంటింగ్‌ఫర్డ్ గమనించినట్టు పైన చెప్పుకున్నాం. అయితే ఆ జంట అన్నిచోట్లా ఉంటుందా?

నీల్స్ డింగెమాన్సే, ఆయన సహచరులు వేల్స్‌లో 12 చోట్ల బతికే స్టికిల్‌బాక్‌లను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. చేపలను తినే చేపలున్న చెరువుల్లో దూకుడు, చురుకు, గాలించే గుణం ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఆ భయం లేని చిన్న కుంటల్లో అంతటి ముడి లేదు. అదే ఏడాది అలిసన్ బెల్, ఆండ్రూ సీ మరో పనిచేశారు. తెగువకూ దూకుడుకూ సంబంధం లేని స్టికిల్‌బాక్‌ల మధ్య వాటిని తినే ట్రౌట్‌లను వదిలారు. తినగా మిగిలినవాటిలో తెగువా దూకుడూ ముడిపడి కనబడ్డాయి. ఇందులో కొంత చావు చేసిన ఏరివేత. కొంత బతికినవి తమ ప్రవర్తన మార్చుకోవడం.

అంటే ఏ గుణం ఏ గుణంతో కలిసి ఉండాలో ప్రకృతి ఒకేసారి నిర్ణయించి పెట్టలేదు. ఆ గుత్తిని కట్టింది ఆపద. ఆపద లేని నీళ్ళలో అవి విడివిడిగానే ఉన్నాయి.

మనిషి పనులు కూడా ఇలాంటి ఏరివేత చేస్తాయి. పీటర్ బిరో, జాన్ పోస్ట్ కెనడాలోని బ్రిటిష్ కొలంబియా సరస్సుల్లో రెండు రకాల ట్రౌట్‌లను వదిలి వలలు వేశారు. ఒకటి త్వరగా పెరిగే తెగువ గల రకం, రెండోది నెమ్మదిగా పెరిగే జంకు గల రకం. 2008లో ప్రకటించిన ఫలితాల ప్రకారం తెగువ గలవి మూడింతలుగా వలలో పడ్డాయి. ఇలాగే వేస్తూపోతే సరస్సులో మిగిలేవి ఎక్కువగా జంకు గల చేపలే. అప్పుడొచ్చి చూసినవాడికి "ఈ సరస్సు చేపల స్వభావమే అంత" అనిపిస్తుంది. వల చరిత్ర తెలియని వాడికి స్వభావం చరిత్ర తెలియదు.

దోమల నివారణకు మన ఊళ్ళ బావుల్లో, కుంటల్లో వదిలే గంబూసియా చేపను చాలామంది ఎరుగుదురు. ఇది ఉత్తర అమెరికా నుంచి లోకమంతా పాకిన చేప. జూలియన్ కోట్, సీ తదితరులు 2010లో చూపిన దాని ప్రకారం, వీటిలో కలివిడి తక్కువ గలవే గుంపును వదిలి దూరం పోతాయి. ఆ తర్వాత వారు మరో విషయం గమనించారు. చేప వెళ్ళిపోతుందా, ఉంటుందా అన్నది దాని సొంత గుణం మీదే గాక, చుట్టూ ఉన్నవాటి గుణం మీద కూడా ఆధారపడి ఉంది. కలివిడి లేని గుంపులోంచి కలివిడి గల చేప కూడా వెళ్ళిపోతుంది.

అచ్చుగుద్దిన చేపలు

ఇంతవరకు చెప్పినది వంశవాదానికి సమాధానం. ఇక మన పొరపాటుకు కూడా చేపలు సమాధానం చెప్పాయి.

అమెరికాలోని టెక్సస్ దక్షిణ ప్రాంతంలో, మెక్సికో ఈశాన్య ప్రాంతంలో అమెజాన్ మోలీ అనే చిన్న చేప ఉంది. పేరు నదిని బట్టి రాలేదు. గ్రీకు పురాణాల్లోని వీరవనితలను బట్టి వచ్చింది. ఎందుకంటే ఈ జాతిలో అన్నీ ఆడచేపలే. దగ్గరి జాతి మగచేప వీర్యం అండాన్ని ఎదగడానికి పురికొల్పుతుంది గాని, పిల్లకు దాని జన్యువులు మామూలుగా అందవు. పిల్లలన్నీ తల్లికి జన్యు నకళ్ళు. 1932లో కార్ల్ హబ్స్, లారా హబ్స్ దీన్ని వెల్లడించారు.

బెర్లిన్‌లో డేవిడ్ బీర్‌బాక్, కేట్ లాస్కౌస్కీ, మాక్స్ వోల్ఫ్ ఈ చేప పిల్లలను పుట్టగానే విడదీసి, ఒకే రకం తొట్లలో, ఒకే రకం నీళ్ళలో, ఒకే మేతతో పెంచారు. జన్యువులు ఒకటే, పరిసరాలు మనిషి చేయగలిగినంతవరకు ఒకటే. వంశం అంతా నిర్ణయిస్తే ఇవన్నీ ఒకేలా ప్రవర్తించాలి. పరిసరాలు అంతా నిర్ణయించినా ఒకేలా ప్రవర్తించాలి. 2017లో వారు ప్రకటించిన ఫలితం: చేపలు నిలకడగా వేర్వేరుగా ప్రవర్తించాయి. 2022లో లాస్కౌస్కీ, ఆమె సహచరులు పుట్టిన మొదటి రోజు నుంచి 70 రోజులపాటు వాటి కదలికలను కెమేరాలతో నమోదుచేసి చూపారు. మొదటి రోజే ఒకటి ఎక్కువ ఈదుతోంది, ఒకటి తక్కువ. రోజులు గడిచేకొద్దీ ఆ తేడా చెరిగిపోవడానికి బదులు బలపడింది.

దీనికి పరిశోధకులు రెండు దారుల్లో కారణాలు వెతుకుతున్నారు. పిండం ఎదిగేటప్పుడు కణాల్లో యాదృచ్ఛికంగా వచ్చే చిన్న తేడాలు, జన్యువులు మారకుండానే వాటి పనితీరులో వచ్చే తేడాలు ఒక దారి. రెండోది, చిన్న తేడా తననుతాను పెంచుకోవడం. కొంచెం ఎక్కువ ఈదిన చేపకు కొంచెం వేరైన అనుభవం కలుగుతుంది, ఆ అనుభవం దాన్ని మరికొంచెం వేరు చేస్తుంది. అంటే జీవి తన పరిసరాలను ఉన్నవున్నట్టు స్వీకరించే అచ్చు కాదు. తన కదలికతో తన పరిసరాలను కొంతవరకు తానే తయారుచేసుకుంటుంది.

రచయితకు ఇందులో ఏముంది?

ముందుగా ఒక హెచ్చరిక. చేపల నుంచి మనుషులకు నేరుగా వంతెన వేయకూడదు. 1975లో ఇ. ఓ. విల్సన్ 'సోషియోబయాలజీ' గ్రంథం చివర మానవ సమాజాన్ని కూడా అదే గాటన కట్టబోయినందుకు పెద్ద వివాదం రేగింది. 1984లో స్టీవెన్ రోజ్, రిచర్డ్ లెవాంటిన్, లియాన్ కామిన్ ఆ ధోరణిని ఖండిస్తూ 'నాట్ ఇన్ అవర్ జీన్స్' రాశారు. భాష, శ్రమ, ఆస్తి, చట్టం చేపలకు లేవు. పైన చెప్పిన సిక్లిడ్ చేపకు చోటు దొరికినంత సులువుగా కూలివాడికి భూమి దొరకదు. అతన్ని అక్కడే ఉంచేందుకు కాగితాలూ, కచేరీలూ ఉన్నాయి.

మన దేశంలో గుణాన్ని పుట్టుకకు, కులానికి అంటగట్టే వాదం చాలా పాతది. దానికిప్పుడు 'జన్యువులు' అనే కొత్త మాట దొరికింది. చేపల పరిశోధన ఆ వాదానికి ఊతమివ్వదు. అది చూపించిన వంశ భేదాలు ఒకే మందలోని చేపలను హార్మోన్ కొలిచి, తరాల తరబడి పనిగట్టుకుని ఏరితే వచ్చినవి. అలా ఏరి చేసిన వంశం పైచేయి కూడా ఒక్క ప్రయాణంతో, కొంత ఆకలితో తలకిందులైంది. ఒకే గుంపులో వ్యక్తులు వేర్వేరుగా ఉంటారన్న నిజం నుంచి, ఒక గుంపు మరో గుంపుకంటె పుట్టుకతో తక్కువన్న అబద్ధం రాదు.

అలాగని స్వభావమే లేదనడం కూడా భౌతికవాదం కాదు. శరీరాన్ని లెక్కలోకి తీసుకోని భౌతికవాదం ఎక్కడిది? ఒకే వాడలో, ఒకే కూలికి పోయే ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకడు సమ్మెకు ముందు నిలుస్తాడు, ఒకడు తలుపు వేసుకుంటాడు. "వర్గ చైతన్యం రాలేదు" అన్న ఒక్క మాటతో రెండోవాడిని తేల్చేసే రచయిత అతన్ని చూడలేదు. "వాడు పుట్టు పిరికి" అని తేల్చేసే రచయితా చూడలేదు. అతని జంకు నిజం. అది అతని ఒంట్లో ఉంది, అరచేతుల చెమటలో ఉంది. దాని వెనక ఒక చరిత్ర కూడా ఉంది. ఒకరోజు ఆ జంకు అలాగే ఉండగానే, ఆకలికి అతను ముందుకు దూకవచ్చు. విండర్‌మియర్ ట్రౌట్ చేసింది అదే. లోపలి కంగారు తగ్గాక అది తెగించలేదు. కంగారుతోనే తెగించింది.

మంచి పాత్ర ఉండేది అక్కడే. భయం లేనివాడు ముందుకు నడిస్తే అది వార్త. భయం ఉన్నవాడు నడిస్తే అది కథ. ఆ భయం అతనికి ఎక్కణ్ణుంచి వచ్చింది, దాన్ని ఏది తోసేసింది, రేపు పరిస్థితి మారితే అది మళ్ళీ తలెత్తుతుందా? ఈ మూడు ప్రశ్నలూ వేసుకోకుండా పాత్ర స్వభావం గురించి ఒక్క వాక్యం కూడా రాయకూడదు.